డ్రమ్ అండ్ బేస్ పని అప్పుడే అయిపోలేదు
డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలో ముప్పై ఏళ్లుగా పాత ముక్కలే తిప్పి తిప్పి వాయిస్తున్నారని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాట సగమే నిజం. పెద్ద ఫెస్టివల్ స్టేజీల మీద బిల్డప్ (ఊపు పెంచడం), డ్రాప్ (ఒక్కసారిగా బీట్ దించడం), మళ్లీ బిల్డప్... విసుగే, ఒప్పుకుంటాను. కానీ పాత రికార్డుల్లోని ముక్కలు వాడటమే తప్పంటే ఎలా? ఈ సంగీతం పుట్టిందే దానితో కదా! 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం వాయించిన ఏడు సెకన్ల డ్రమ్స్ ముక్కని ఈ సంగీతం చేసేవాళ్లు శాంప్లర్‌లో (శబ్దాల్ని రికార్డు చేసి ముక్కలు చేసే యంత్రంలో) వేసి, దెబ్బ దెబ్బా విడదీసి, వేగం నిమిషానికి 170 బీట్స్ దాకా పెంచి, స్నేర్ డ్రమ్ దెబ్బని అనుకోని చోట పడేసేవాళ్లు. కింద బేస్ మాత్రం సగం వేగంతో తాపీగా నడుస్తుంది. ఆ రెండు వేగాల మధ్య ఇంకా బోలెడు చోటుంది. బ్రిటిష్ గాయని నియా ఆర్కైవ్స్ అలాంటి జంగిల్ బ్రేక్స్ (డ్రమ్ అండ్ బేస్‌కి మూలమైన జంగిల్ సంగీతపు డ్రమ్స్ ముక్కలు) మీదే హాయిగా పాప్ పాటలు పాడుతూ 2024లో బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ షార్ట్‌లిస్టు దాకా వెళ్లింది. వ్యాసంలో ఆమె పేరే లేదేంటండీ?