నవంబర్ 19 గుర్తుంది సరే, మే 9 ఎవరికి గుర్తుంది?

నవంబర్ 19 పొద్దున ఫోన్ తెరిస్తే చాలు, 'చరిత్రలో ఈ రోజు' అని ఏ గ్రూపులోనో ఒక పొడుగాటి మెసేజ్ ఉంటుంది. 1828లో ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టింది, 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడాడు, 1917లో ఇందిరా గాంధీ పుట్టింది, 1969లో అపోలో 12 చంద్రుడి మీద దిగింది, అదే రోజు పీలే వెయ్యో గోల్ కొట్టాడు, ఇప్పుడు కొత్తగా 2023లో అహ్మదాబాద్‌లో మనం వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోవడం కూడా చేరింది. వీటి మధ్యలో ఎక్కడో ఒక లైన్: '1977: ఆంధ్రప్రదేశ్‌లో తుఫాను, వేలాది మంది మృతి'. అంతే, చదివేస్తాం, కిందకి జరిపేస్తాం.

మా కృష్ణా జిల్లా వాళ్లకి అది ఒక్క లైన్ కాదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్లని వయసు అడిగితే పుట్టిన సంవత్సరం చెప్పరు, "ఉప్పెన నాటికి నాకు పన్నెండేళ్లు" అంటారు. పెళ్లిళ్లు, కాన్పులు, పొలం కొన్నది, అన్నీ ఉప్పెనకి ముందు, ఉప్పెనకి తర్వాత. అక్కడ అది క్యాలెండర్లో ఒక తేదీ కాదు, దాన్నుంచే క్యాలెండర్ మొదలవుతుంది.

ఆ రోజు శనివారం. వారం ముందే, నవంబర్ 12న, ఇంకో తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది, దాని వార్తలు ఇంకా సద్దుమణగలేదు. ఈ రెండోది బంగాళాఖాతంలో ముందు పడమర వైపు వచ్చి తర్వాత ఉత్తరానికి తిరిగింది. తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు, కానీ ఉప్పెన మింగింది దివిసీమని. చాలామంది ఇక్కడే తికమక పడతారు, తుఫాను అక్కడ దాటితే ఇక్కడెందుకు పోయారని. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, కాబట్టి అది కదిలే దారికి కుడిపక్కన ఉన్న తీరం మీదకి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది, దివిసీమ సరిగ్గా ఆ కుడిపక్క ఉంది. పైగా అది కృష్ణ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న లంక, నేల చదును, సముద్రం లోతు తక్కువ, ఎక్కడా ఒక గుట్ట లేదు ఎక్కి నిలబడటానికి. నీళ్లు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చాయి, పాక అయినా పెంకుటిల్లయినా ఒకటే. బతికినవాళ్లలో చాలామంది తాడిచెట్లు పట్టుకుని బతికారు. పోయినవాళ్లు సర్కారు లెక్కలోనే పది వేల పైన, అనధికార అంచనాలు దానికి కొన్ని రెట్లు. వరి కోతల కాలం, ఇళ్లకి ఇళ్లే కొట్టుకుపోయాయి, లెక్క చెప్పడానికి కూడా మనిషి మిగలని కుటుంబాలున్నాయి, శవాల్ని ఎక్కడివక్కడ కుప్పలుగా వేసి తగలబెట్టాల్సి వచ్చింది. ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

అదే రోజు ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగాడు, ఒక అరబ్ దేశాధినేత అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి, ప్రపంచమంతా అటే చూస్తోంది. సోర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ల పరిస్థితి బయటికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది, రోడ్డు లేదు, కరెంటు లేదు, తీగలు తెగిపోయాయి. ఈ రెండూ ఒకే తేదీ కింద పక్కపక్కన కనిపిస్తే నాకు ప్రతిసారీ మనసు అదోలా అయిపోతుంది.

అయితే నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ లైన్ చిన్నదైపోయిందనే బాధతో కాదు. ఆ లిస్టులో అసలు లేని ఇంకో తేదీ గురించి.

1990 మే 9. ఎవరికైనా గుర్తుందా? ఆ రోజు లిస్టులో మహారాణా ప్రతాప్ పుట్టినరోజు ఉంటుంది, గోఖలే పుట్టినరోజు ఉంటుంది, రష్యా వాళ్ల విజయ దినం ఉంటుంది. ఆ రోజు సాయంత్రం కృష్ణానది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఒక తుఫాను తీరం దాటింది, బలంలో 1977 దానికి ఏమాత్రం తీసిపోదు, ఉప్పెన కూడా 4, 5 మీటర్ల వరకు లేచింది. ఈసారి చనిపోయింది 967 మంది. ఒక్క ప్రాణం పోయినా పోయినట్టే, దాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ దాదాపు అదే తీరం, అదే చదును నేల, పదమూడేళ్లలో జనాభా ఇంకా పెరిగింది, అయినా పది వేల పైన ఉన్న సంఖ్య వెయ్యి లోపుకి ఎలా వచ్చింది?

దేవుడి దయ అనొచ్చు, కానీ చేసింది మనుషులే. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఇళ్లలోంచి కదిలించారు. మధ్యలో ఆ పదమూడేళ్లూ ఏం జరిగిందంటే, తీరం వెంట స్తంభాల మీద కాంక్రీటు తుఫాను షెల్టర్లు లేచాయి, 1983లో ఇన్సాట్ 1బి పైకి వెళ్లి పైనుంచి ఫొటోలు తీసి పంపడం మొదలైంది, తర్వాత ఆ ఉపగ్రహం ద్వారానే తీరంలో ఉన్న ఆఫీసులకి సైరన్‌తో పాటు తెలుగులో హెచ్చరిక చేరే ఏర్పాటు వచ్చింది. 1977లో కూడా విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, రేడియోలో కూడా చెప్పారు. కానీ రేడియోలో తుఫాను అని వినడం వేరు, రెవెన్యూ ఉద్యోగి ఇంటి ముందు నిలబడి "లారీ వచ్చింది, ఎక్కండి, గేదెల్ని వదిలేయండి" అనడం వేరు. 'ఉప్పెన' అంటే ఏంటో 1977లో ఆ తరానికి తెలియదు, గాలివాన అనుకుని తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు.

తెలియకపోవడం అంటే, ఆ ప్రాంతానికే తెలియక కాదు. పక్కనే మచిలీపట్నంలో 1864 నవంబర్ 1 రాత్రి ఇలాంటి ఉప్పెనే వచ్చి దాదాపు 30 వేల మందిని తీసుకెళ్లింది. నవంబర్ 1 అంటే ఇప్పుడు మనకి ఆంధ్రప్రదేశ్ అవతరణ దినమే గుర్తొస్తుంది, అది సహజమే, కానీ 1864కీ 1977కీ మధ్య 113 ఏళ్లు. చూసినవాళ్లు పోయారు, విన్నవాళ్లు కూడా పోయారు, జిల్లా గెజిటీర్ పుస్తకాల్లో ఉన్న సంగతి పాకలో పడుకున్న కూలీకి చెప్పేవాడు లేడు. తాతలు అనుభవించింది మనవళ్ల దాకా రాకపోతే మళ్లీ అదే నీళ్లలో మునగాల్సి వస్తుంది, వచ్చింది.

నా గొడవ ఏంటంటే, ఈ 'చరిత్రలో ఈ రోజు' అనే అలవాటు మొత్తం చావుల మీద, పుట్టుకల మీద, గెలుపోటముల మీద నడుస్తుంది. జరిగింది రాస్తాం, జరగకుండా ఆపింది రాయం. ఒడిశాలో చూడండి, 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్ అందరికీ తెలుసు, దాదాపు పది వేల మంది పోయారు కాబట్టి. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ వచ్చింది, దాదాపు పది లక్షల మందిని తరలించారు, మృతులు 50 లోపే, ఆ తేదీ ఎంతమందికి తెలుసు? నా లెక్కలో ఫైలిన్ రోజు చాలా పెద్ద రోజు. ఒక పేద రాష్ట్రం పద్నాలుగేళ్లలో నేర్చుకుని చూపించింది.

మర్చిపోవడం వల్ల నష్టం ఏంటి అంటారా, నేను చూసింది చెప్తాను. రెండేళ్ల కింద దివిసీమలో ఒక ఊరికి వెళ్లాను, ఊరి పేరు ఎందుకులెండి. ఆ రోజుల్లో కట్టిన షెల్టర్ ఒకటి ఉంది, ఉప్పుగాలికి స్లాబు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికొచ్చాయి, మెట్ల మీద ఎవరో ఎండుమిరపకాయలు ఆరబోశారు, తలుపుకి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని నలుగురిని అడిగాను, నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. పక్కనే ఎంత అందంగా కట్టారో ఉప్పెన స్మారక స్తూపం, ఏటా నవంబర్ 19న దానికి పూలదండలు పడతాయి. దండ వెయ్యడం తప్పని నేను అనను, మా బంధువుల్లో కూడా పోయినవాళ్లున్నారు, ఆ స్తూపం ముందు నేనూ నిలబడ్డాను. కానీ మే 9 అంటూ ఒక రోజు ఉంటే, ఆ రోజు ఆ తాళం తియ్యాలి, పిల్లల్ని పైకి ఎక్కించాలి, ఏ వీధి వాళ్లు ఎటు నడవాలో చూపించాలి, పడవలూ వలలూ ఎక్కడ కట్టేస్తే భద్రమో మత్స్యకారులతో కూర్చుని మాట్లాడాలి. ఎందుకంటే వాళ్లు ఇల్లు వదలనిది మొండితనంతో కాదు, పడవ పోతే మళ్లీ కొనే దారి లేక. ఇప్పుడు ఫోన్లకి మెసేజ్ వస్తుంది, హెచ్చరిక బాగానే చేరుతోంది, చేరాక మనిషి కాలు కదిలే చోటే పని మిగిలి ఉంది. మడ అడవుల సంగతీ అంతే, అలని కాస్త నెమ్మదించే ఆ చెట్లని కొట్టి చెరువులు తవ్వుకుంటూ పోతే షెల్టర్ ఒక్కటే ఎంతని కాస్తుంది?

ఆ రోజు సాయంత్రం ఏటిమొగ దగ్గర పంటు ఎక్కాను, ఏరు దాటి ఎదురుమొండికి. పంటు మీద రెండు బైకులు, మేతమోపు, పదిమంది మనుషులు. పక్కన నిలబడ్డ పెద్దాయనతో మాట కలిస్తే ఉప్పెన గురించి చెప్పాడు, ఎన్ని గంటలకి గాలి తిరిగింది, ఎటునుంచి నీళ్ల చప్పుడు వినపడింది, తాను పట్టుకున్న తాడి మొదలు ఎంత లావు ఉందో రెండు చేతులూ చుట్టి చూపించాడు, తమ్ముడి చెయ్యి జారింది చెప్పేటప్పుడు మాత్రం ఏటి వైపు తిరిగాడు. మరి తొంభైలో వచ్చిన తుఫాను సంగతేంటి బాబాయ్ అని అడిగాను. కాసేపు ఆలోచించాడు.

"తొంభైలోనా... అప్పుడేం జరగలేదు బాబూ. ముందురోజే స్కూలు మేడ మీదకి తోలారు. రెండు రోజులు పులిహోర పొట్లాలిచ్చారు. పిల్లలు ఒకటే అల్లరి."