ఇచో చెట్టుకి ఒక బూటు బాధితుడి లేఖ

చి.ల.సౌ. ఇచో చెట్టుకి,

చిరంజీవి అన్నది మర్యాద కోసం కాదు. డైనోసార్లను సాగనంపి, ఆ తర్వాత వచ్చిన మమ్మల్ని కూడా ఓపిగ్గా చూస్తున్నావు. అంత పెద్దదానివి కాబట్టి ఇక్కడినుంచి ‘మీరు’ అనే అంటాను.

పుస్తకాల్లో గింకో అని చదువుకున్న చెట్టునే జపాన్‌లో ఇచో అంటారని టోక్యో వచ్చాకే తెలిసింది. తెలిశాక ఎక్కడ చూసినా మీరే. టోక్యో అధికారిక వృక్షం మీరు. టోక్యో యూనివర్సిటీ చిహ్నంలో మీ ఆకు. సుమో మల్లుల్లో పై తరగతి వాళ్ళ సిగ కూడా మీ ఆకులాగే ముడేస్తారు. అటు జర్మనీలో గేథే 1815లో మీ ఆకు మీద ఏకంగా కవితే రాశాడు. ఆయనకి ఆకు దొరికింది. నాకు పండు దొరికింది.

నవంబరు చివర్లో మెయిజీ జింగూ గాయెన్ వీధి చూడాలి. 300 మీటర్ల పొడవునా పసుపే. తాటాకు విసనకర్రల్ని బొమ్మలకొలువు సైజుకి కుదించి కుప్పపోసినట్టు రోడ్డంతా మీ ఆకులు. జనం ఫోన్లు పైకెత్తి, ఆయుష్షు అనీ ఓర్పు అనీ పరవశించిపోతూ నడుస్తారు. కింద చూసుకుంటూ నడిచేది నేనొక్కణ్ణే, అదీ మొదటి ఏడాది అనుభవం వల్ల.

ఆ ఏడాది ఆఫీసు మీటింగుకి వెళ్తూ, పండిన రేగుపండులాంటిది ఒకటి తొక్కాను. పాడైన వెన్నలో ఉండే బ్యుటిరిక్ ఆమ్లమే అందులోనూ ఉందట. లిఫ్టులో నలుగురం ఎక్కాం. నాలుగో అంతస్తు వచ్చేసరికి మిగతా ముగ్గురూ గోడవైపు తిరిగారు. ఇక్కడ ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు, అదే నాకు టెన్షన్.

కంపు ఆడ చెట్లదే, పండు వాటికే కాస్తుంది. అందుకని వీధుల్లో మగవే నాటాలని తీర్మానించారు. “ఆడది వద్దు” అన్న మాట వినడానికి నేను సముద్రం దాటి రానక్కర్లేదు, మావైపు స్కానింగ్ సెంటర్ల బయట విన్నదే. కానీ మీ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. మొలక ఆడో మగో బయటపడడానికి 20, 30 ఏళ్ళు పడుతుంది. మొదటి పండు రాలేనాటికి మొక్క నాటించిన ఆఫీసరు హాయిగా రిటైరై ఉంటాడు. ఇంతా చేసి, జనం ముక్కున వేలేసుకునే ఆ గాయెన్ వీధి 146 చెట్లలో 102 ఆడవే!

హిరోషిమాలో 1945లో బాంబు పడిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరంలో కాలిపోయిన మీ చుట్టం మళ్ళీ చిగురేసిందని విన్నాను. ఆ ఒక్క సంగతిలో మాత్రం నాకు వెటకారం రాదు.

ఇట్లు,
బాల్కనీలో ఆరుతున్న కుడి బూటు తాలూకు మనిషి

తా.క.: నిన్న రాత్రి ఉప్పేసి వేయించిన మీ గింజలు తిన్నాను. ఎక్కువైతే విషమన్నారని లెక్కపెట్టుకుని తిన్నాను. రెండుసార్లు లెక్క తప్పాను.