జాతీయ దళాలకు చూపు స్థానిక ఠాణాయే

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు కాల్చి చంపిన 26 మందిలో నెల్లూరు జిల్లా వాసి కూడా ఉన్నారు. ఆ కేసు దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చేతికి వెళ్లింది. అదే ఏడాది నవంబరు 18న మావోయిస్టు అగ్రనేత హిడ్మా అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవుల్లో ఎదురుకాల్పుల్లో మరణించాడు. అక్కడ తుపాకీ పట్టింది రాష్ట్ర పోలీసులు. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉగ్రవాదాన్నీ సాయుధ తిరుగుబాటునూ ఎదుర్కోవడంలో కేంద్ర పోలీసుల వంతు ఎంత, జిల్లా పోలీసుల వంతు ఎంత అన్న పాత చర్చ మళ్లీ ముందుకు వస్తుంది. 2026 మార్చి 31ని మావోయిస్టు సమస్యకు ఆఖరి గడువుగా కేంద్రం ప్రకటించినప్పటి నుంచి ఘనతంతా ఢిల్లీ ఖాతాలో పడుతోంది గనుక ఈ చర్చ అవసరమని మేము భావిస్తున్నాం.

దేశమంతటికీ ఒకే పోలీసు అన్నది మన రాజ్యాంగంలో లేదు. శాంతిభద్రతలూ పోలీసూ రాష్ట్రాల జాబితాలోని అంశాలు. కేంద్రం చేతిలో ఉన్నవి 1939లో నీమచ్‌లో వేరే పేరుతో పుట్టిన కేంద్ర రిజర్వు పోలీసు దళం (సీఆర్పీఎఫ్) వంటి బలగాలు, సమాచారం సేకరించే ఇంటెలిజెన్స్ బ్యూరో, ముంబయి దాడుల దరిమిలా 2008 చివర్లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఎన్‌ఐఏ. 2012లో ఉగ్రవాద నిరోధానికి జాతీయ కేంద్రాన్ని నెలకొల్పి నేరుగా అరెస్టు చేసే అధికారం కూడా ఇస్తామన్నప్పుడు పలువురు ముఖ్యమంత్రులు అడ్డుపడ్డారు, ప్రతిపాదన మూలపడింది. ఆ అభ్యంతరాల్లో రాజకీయం పాలు లేదని చెప్పలేం గానీ, ఊరి గురించి తెలియని అధికారి ఊళ్లోకి వచ్చి ఏం చేయగలడన్న ప్రశ్న మాత్రం సరైనదే.

ఈ సంగతి ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు నేత రామకృష్ణ బృందం నల్లమల నుంచి బయటికి వచ్చింది ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గరే. ఏడాది తిరక్కుండానే చర్చలు చెడిపోయాయి. 2005 ఏప్రిల్‌లో ఒంగోలులో అప్పటి జిల్లా ఎస్పీ మహేశ్‌చంద్ర లడ్డా కారు లక్ష్యంగా బాంబు పేల్చారు. ఆయన బతికి బయటపడ్డారు, దారిన పోయే సామాన్యులు బలయ్యారు. 2007 సెప్టెంబరులో ఉమ్మడి నెల్లూరు జిల్లా విద్యానగర్ సమీపంలో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి దంపతులు వెళ్తున్న దారిలో మందుపాతర పేలి ముగ్గురు మరణించారు. 1992లో మావోయిస్టు పార్టీకి పూర్వరూపమైన పీపుల్స్‌వార్‌పై నిషేధం విధించింది ఆయన ప్రభుత్వమే. అంతటి ఉద్రిక్తత చూసిన నల్లమలలో ఆ దశాబ్దం ముగిసేసరికి దళాల అలికిడి లేకుండా పోయిందంటే, దానికి ప్రధాన కారణం బయటి నుంచి బెటాలియన్లు దిగడం కాదు. 1989లో కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న రాష్ట్ర పోలీసుల ప్రత్యేక నక్సల్ నిరోధక దళం గ్రేహౌండ్స్, మావోయిస్టు దళ సభ్యుల ఇంటిపేర్లూ బంధుత్వాలూ తెలిసిన నిఘా విభాగం, లొంగిపోయినవారికి దొరికిన పునరావాసం, యర్రగొండపాలెం, దోర్నాల వంటి చోట్ల ఇసుక బస్తాల వెనుక రాత్రంతా మేలుకుని కాపలా కాసిన కానిస్టేబుళ్లు దానికి కారణం. ఆ పోరులో జరిగిన ఎన్‌కౌంటర్లన్నీ నిఖార్సయినవేనని మేము అనడం లేదు. అటు దళానికి అన్నం పెట్టారని, ఇటు పోలీసులకు కబురు చెప్పారని రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్న నల్లమల ఆదివాసులు చెంచులు ఆ కాలాన్ని తలచుకోవడానికి ఇష్టపడరు.

పరిచయం లేని నేల మీద ఎంతటి బలగానికైనా ఏమవుతుందో 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లా తాడ్‌మెట్లలో మావోయిస్టుల దాడితో తేలింది. ఆ రోజు మరణించిన 76 మందిలో 75 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు. అంతకు రెండేళ్ల ముందు, మన గ్రేహౌండ్స్ కూడా సొంత గడ్డ దాటి ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవెక్కినప్పుడు 38 మంది ప్రాణాలు పోయాయి. 2025 మే నెలలో అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావును మట్టుబెట్టింది ఛత్తీస్‌గఢ్ జిల్లా రిజర్వు గార్డు బలగం. అందులో ఎక్కువమంది స్థానిక ఆదివాసీ యువకులు, వారిలో లొంగిపోయిన మాజీ మావోయిస్టులూ ఉన్నారు. ఇది వేరే నైతిక ప్రశ్నలు లేవదీస్తుంది. ఫలితం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం స్పష్టం.

సముద్రం వైపు చూసినా ఇదే కథ. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి తీరంలో రబ్బరు పడవ దిగిన కుర్రాళ్లను చూసి మొదట అనుమానించింది మత్స్యకారులు. ఆ దాడి చేసినవారిలో ఒకడైన కసబ్‌ను ప్రాణాలతో పట్టుకోగలిగింది లాఠీ తప్ప మరే ఆయుధమూ లేని అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే. జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోలు ఢిల్లీ నుంచి వచ్చేసరికి తెల్లవారింది. అలాగని కేంద్ర సంస్థ అక్కర్లేదనుకుంటే పొరపాటే. ముంబయి దాడుల కేసు నిందితుడు తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో అమెరికా నుంచి రప్పించడం ఏ జిల్లా పోలీసుకూ సాధ్యమయ్యే పని కాదు. శ్రీహరికోట నుంచి కృష్ణపట్నం మీదుగా కొత్తపట్నం దాకా ఉన్న మన తీరంలో అంతరిక్ష కేంద్రానికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) కాపలా ఉంది, నడిసముద్రంలో కోస్ట్‌గార్డు తిరుగుతుంది. ఒడ్డుకు దగ్గరి నీళ్లు మాత్రం మెరైన్ పోలీసుల బాధ్యత. కొత్త పడవ కనిపించిందని పట్టపుపాలెం వేటగాడు ఫోను చేస్తే ఎత్తే మనిషి ఆ స్టేషన్‌లో ఉండాలి, బోటులో డీజిలుండాలి. బోటు కొనిచ్చి, నడిపే ఖర్చు మీరు చూసుకోండంటే అది ఒడ్డునే తుప్పు పడుతుంది.

ఎన్‌ఐఏ పనితీరుపైనా నాలుగు మాటలు చెప్పక తప్పదు. 2013 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో అయిదుగురికి శిక్ష పడేలా చేసిన సంస్థ ఇదే. హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న నిందితులంతా 2018లో నిర్దోషులుగా బయటికి వచ్చిందీ దీని దర్యాప్తులోనే. ఆ కేసులో మొదట స్థానిక పోలీసులు అనుమానంతో పట్టుకున్న యువకుల బతుకులు అంతకుముందే నలిగిపోయాయి. 2023 అక్టోబరు 2న మావోయిస్టులతో సంబంధాల ఆరోపణలపై నమోదైన ముంచంగిపుట్టు కేసులో ఈ సంస్థ తెలుగు రాష్ట్రాల్లో 62 చోట్ల సోదాలు చేసింది, వాటిలో మన రెండు జిల్లాల ఇళ్లూ ఉన్నాయి. సోదా చేసే అధికారాన్ని మేము ప్రశ్నించడం లేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద చార్జిషీటుకు 180 రోజుల దాకా వ్యవధి దొరుకుతుంది, బెయిలు రావడం గగనం. అంతటి అధికారం ఉన్న సంస్థ విచారణను ఏళ్ల తరబడి సాగదీస్తే తీర్పుకు ముందే శిక్ష అనుభవించినట్టవుతుంది. విచారణ అంతులేకుండా సాగితే బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2021లోనే స్పష్టం చేసింది.

నక్సల్ ప్రభావిత జిల్లాల జాబితాను కేంద్రం 2018లో 126 నుంచి 90కి, 2021లో 70కి కుదించింది. జాబితా చిన్నదవడం మంచిదే, కానీ పేరు తొలగిన జిల్లాకు భద్రతా వ్యయం కింద వచ్చే డబ్బు కూడా ఆగుతుంది, దాంతో అడవి అంచు స్టేషన్‌లోని సిబ్బందిని బందోబస్తులకు, వీఐపీల పర్యటనలకు తరలించడం మొదలవుతుంది. జాబితా నుంచి తప్పించిన జిల్లాల ఠాణాలకు కనీసం అయిదేళ్లపాటు నిధులు కొనసాగించాలని, మెరైన్ స్టేషన్ల నిర్వహణ ఖర్చులోనూ కేంద్రం వాటా భరించాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టాలి. నెల్లూరు, ఒంగోలు ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో హోంశాఖను అడగాల్సిన ప్రశ్న ఇదే.