సత్యం కేసును చైర్మన్ కుర్చీలోంచి కాదు, ఇన్‌వాయిస్ కొట్టినవాడి సీట్లోంచి చదవాలి

మన దగ్గర ఎంబీఏలో బిజినెస్ ఎథిక్స్ పేపర్ ఉందంటే సత్యం కంప్యూటర్స్ కేసు అందులో ఉండి తీరుతుంది, హైదరాబాద్‌లో అయితే మరీను. పాఠం ఎక్కువగా ఒకే దారిలో నడుస్తుంది. కంపెనీ లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న ఈ ఐటీ కంపెనీ వ్యవస్థాపక చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం చదువుతారు, పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదు అన్న మాట దగ్గర కాస్త ఆగుతారు, ఆ తర్వాత "ఆయన స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?" అని అడుగుతారు. ఎవరో ఒకరు లేచి "మొదటి క్వార్టర్‌లోనే నిజం చెప్పేసేవాణ్ణి సార్" అంటారు. నాకు చిర్రెత్తేది ఇక్కడే. ఆ క్లాసులో కూర్చున్నవాళ్లలో లిస్టెడ్ కంపెనీకి చైర్మన్ అయ్యేదెంతమంది? మిగతావాళ్లంతా వెళ్లి చేరేది ఫైనాన్స్ టీములోనో, ఆడిట్ ఫర్మ్‌లోనో. వాళ్ల కుర్చీ గురించి ఆ ప్రశ్నలో ఒక్క ముక్క లేదు.

ఉత్తరం తక్కువదేం కాదు. అందులోని అంకెలు ఇప్పుడు చూసినా కళ్లు తిరుగుతాయి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపిస్తే అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. 2008 సెప్టెంబర్ క్వార్టర్‌కు 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల ఆపరేటింగ్ లాభం అని ప్రకటించారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు, 61 కోట్లు. అంటే 24 శాతం లాభాల మార్జిన్ అని లోకానికి చెప్పిన చోట ఉన్నది 3 శాతం. మొదట్లో తేడా చిన్నదేననీ, ఏటేటా పెరుగుతూ పోయిందనీ ఆయనే రాశారు. ఇది నమ్మదగ్గ మాటే, ఎందుకంటే ఇలాంటివన్నీ అలాగే మొదలవుతాయి.

నాకు మింగుడుపడనిది ఇంకో మాట. బోర్డు సభ్యులకు గానీ, కంపెనీలోని సీనియర్లకు గానీ అసలు పరిస్థితి తెలియదని అదే ఉత్తరంలో ఉంది. ఆరేళ్ల తర్వాత, 2015 ఏప్రిల్‌లో, హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది మాత్రం పది మందికి. వాళ్లలో రాజుగారి తమ్ముళ్లు, ఫైనాన్స్ విభాగం పెద్ద (సీఎఫ్‌ఓ), ఇద్దరు ఆడిటర్లు, కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ పెద్ద, ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ముగ్గురు ఉద్యోగులు ఉన్నారు. (వాళ్లు అప్పీలుకు వెళ్లారు, శిక్ష నిలిపేసి బెయిల్ కూడా ఇచ్చారు, అది వేరే కథ.) దర్యాప్తులో తేలిన దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561. ఒక చైర్మన్ రాత్రిపూట ఒంటరిగా కూర్చుని ఏడున్నర వేల ఇన్‌వాయిస్‌లు కొట్టడు కదా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు సిబ్బందికి ఆ ఇన్‌వాయిస్‌లు కనపడకుండా దాచే ప్రత్యేక లాగిన్ ఉండేది. ఆ ఏర్పాటు ఎవరో ఒకరు చేసి ఉండాలి. లేని ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు బ్యాంకు లెటర్‌హెడ్ మీద రసీదు తయారవ్వాలంటే దాన్ని ఎవరో ఒకరు టైప్ చేయాలి. తిలాపాపం తలా పిడికెడు.

ఇక్కడే అసలు చదువు మొదలవ్వాలి. అలా టైప్ చేసే మనిషికి ఎవరూ వచ్చి "మోసం చెయ్" అని చెప్పరు. "క్వార్టర్ క్లోజ్ అయిపోతోంది, ఈ ఎంట్రీ వేసెయ్, డాక్యుమెంట్లు తర్వాత వస్తాయి" అంటారు. అది వినడానికి నీతికి సంబంధించిన మాటలా ఉండదు, ఆఫీసు పనిలా ఉంటుంది. ఆన్ టెన్‌బ్రన్‌సెల్, డేవిడ్ మెసిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో రాసింది సరిగ్గా దీని గురించే. మనిషి తప్పు, ఒప్పు బేరీజు వేసుకుని తప్పు వైపు వెళ్లడం తక్కువ, చాలాసార్లు అది తప్పొప్పుల వ్యవహారమన్న సంగతే కళ్లముందు నుంచి జారిపోతుంది అంటారు వాళ్లు. దీనికి నాకు తెలిసినంతలో గట్టి సాక్షి డెన్నిస్ జోయా. 1970లలో ఫోర్డ్ కంపెనీలో రీకాల్ పనులు, అంటే లోపమున్న కార్లను వెనక్కి పిలిపించే పనులు చూసిన మనిషి. పింటో కారుకు వెనక నుంచి దెబ్బ తగిలితే పెట్రోల్ ట్యాంకు అంటుకుంటోందన్న రిపోర్టులు ఆయన టేబుల్ మీదకే వచ్చాయి. రీకాల్ అక్కర్లేదని ఓటేసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. తర్వాత ప్రొఫెసరై, 1992లో తన కేసును తనే విప్పి రాశాడు. విలువలు లేని మనిషేం కాదు, ఆ ఉద్యోగంలో చేరక ముందు పెద్ద కంపెనీల తీరును తిట్టిపోసిన బాపతు. ఆ సమయంలో తానూ పింటోనే నడిపాడు! రోజూ వచ్చే ఫైళ్ల మధ్య అది కూడా ఒక ఫైలయింది, అంతే.

అందుకే, థియరీ బాగా వచ్చినవాళ్లు ఉంటే చాలు అనే ధీమా నాకు లేదు. సత్యం బోర్డునే చూడండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, కేంద్రంలో మాజీ క్యాబినెట్ సెక్రటరీ, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న ఇంజినీర్. కార్పొరేట్ గవర్నెన్స్ గురించి, అంటే కంపెనీని పద్ధతిగా నడపడం గురించి వాళ్లకు చెప్పగలిగేవాళ్లు దేశంలో ఎవరుంటారు? రాజుగారి కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొనే ప్రతిపాదన 2008 డిసెంబర్ 16న అదే బోర్డు ముందుకొచ్చింది, ఏకగ్రీవంగా పాసైంది. అడ్డుకున్నది మదుపరులు. గంటల్లోనే ఒప్పందం రద్దయింది. అంతకు కొన్ని నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గాను ఈ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది.

ఆడిటర్ల సంగతి మరీ విడ్డూరం. బ్యాంకు నిల్వలను ధ్రువీకరించే ఉత్తరం ఆడిటరే బ్యాంకుకు పంపి, జవాబు నేరుగా తన దగ్గరికే తెప్పించుకోవాలని ఆర్టికల్‌షిప్‌లో (సీఏ ట్రైనింగ్‌లో) చేరిన కుర్రాడికి కూడా చెప్తారు. ఇక్కడ ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు అందుకోవడం రెండూ కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చింది. చదువు లేకనా? కాదు. పెద్ద క్లయింటు, ఏళ్ల నాటి పరిచయం, అడిగితే అనుమానిస్తున్నట్టు ఉంటుందేమో అన్న మొహమాటం... ఇందులో దేని వాటా ఎంతో వాళ్లకే తెలియాలి. మన ఎథిక్స్ సిలబస్‌లో తత్వవేత్త కాంట్ ఉంటాడు, ఎక్కువమందికి మేలు జరిగేదే ఒప్పు అనే యుటిలిటేరియనిజం ఉంటుంది, మొహమాటం మీద మాత్రం ఒక్క చాప్టర్ ఉండదు.

"కానీ 108 అంబులెన్స్ ఆయన చలవే కదా" అనే మాట మనవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. నిజమే, 2005లో ఆ సేవ మొదలుపెట్టింది ఆయనే, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయితే అటు మంచి చేశాం కాబట్టి ఇటు కాస్త సర్దుకోవచ్చు అని మనసు మనకే పర్మిషన్ ఇచ్చుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే. ఆ మాట అనే మనం కూడా అదే లెక్క వేస్తున్నాం.

తర్వాత చట్టం మారింది. 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను కొన్నేళ్లకు మార్చడం, మోసం కనపడితే ఆడిటర్ ప్రభుత్వానికి చెప్పడం, లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు, అన్నీ వచ్చాయి. మంచిదే. కానీ సత్యంలో కూడా 2008 డిసెంబర్‌లో ఒక అజ్ఞాత మెయిల్ స్వతంత్ర డైరెక్టర్ దాకా చేరింది. అప్పటికి ఏళ్లు గడిచిపోయాయి, రాజుగారి ఉత్తరం బయటపడటానికి మిగిలింది మూడు వారాలు. ఏదో సందేహం వచ్చిన రోజుకూ మెయిల్ కొట్టిన రోజుకూ మధ్య మనిషి ఏం చేస్తాడన్నది చట్టానికి అందే విషయం కాదు, క్లాస్‌రూమ్‌కు అందేది.

కాబట్టి పరీక్షలో నేనైతే ప్రశ్న ఇలా ఇస్తాను. నెలాఖరు, రాత్రి తొమ్మిది. మీ మేనేజర్ ఫోన్ చేసి, క్లయింటు నుంచి పర్చేజ్ ఆర్డర్ లేని ఒక ఇన్‌వాయిస్‌ను ఈ క్వార్టర్‌లోనే చూపించమన్నాడు. మీకు హోమ్ లోన్ ఉంది, హెచ్‌1బీ ఫైలింగ్ ఆయన చేతిలో ఉంది, మనిషి కూడా మంచివాడే, మీ నాన్నగారి ఆపరేషన్‌కు అడగ్గానే సెలవిచ్చాడు. ఫోన్‌లో ఆయనకు ఏమంటారో మూడు వాక్యాల్లో రాయండి, ఆ తర్వాత పంపే మెయిల్ ఎవరెవరికి సీసీ పెడతారో కూడా రాయండి. కాంట్ పేరు ఎత్తినందుకు మార్కులుండవు. రాసిన మూడు వాక్యాలకూ ఆ మేనేజర్ "సరే, ఈ ఒక్కసారికి" అని బదులిస్తే, నాలుగో వాక్యం ఏమిటన్నదానికే సగం మార్కులు.