నవ్వలేదని వెక్కిరించేవాళ్లకు

విశాఖ ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. లోపల చేసేదంతా జాతీయాల జాబితాలు బట్టీ పట్టించడమే. కుక్కలూ పిల్లులూ కురిసే వాన గురించి ఈ ఊళ్లో ప్రతి పిల్లవాడికీ తెలుసు. హుద్‌హుద్ లాంటి తుఫానులో నిలబడి కూడా ఆంగ్లేయుడు ‘కాస్త గాలిగా ఉంది’ అని తగ్గించి చెప్పగలడని మాత్రం ఎవరూ చెప్పరు.

1982లో ఇండోనేషియా మీదుగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలోకి అగ్నిపర్వతం బూడిద చేరి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. ‘మనకో చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి’ అని కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులకు చెప్పాడు. చిన్న సమస్యట! (జకార్తాలో క్షేమంగా దిగారు లెండి.)

ఇంగ్లిషులోనే పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఈ ధోరణి అంతుపట్టదు. 1951లో కొరియా యుద్ధంలో, ఇమ్‌జిన్ నది దగ్గర చైనా సైన్యం విరుచుకుపడుతుంటే బ్రిటిష్ బ్రిగేడియర్ ‘పరిస్థితి కాస్త చిక్కుగా ఉంది’ అన్నాడట. అమెరికన్ జనరల్ ఫర్వాలేదనుకున్నాడట. ఆ బ్రిగేడియర్ కింద పోరాడిన గ్లౌస్టర్ల దళంలో అత్యధికులు చనిపోయారు, లేదా బందీలయ్యారు.

అలాంటిది, లండన్ క్లయింటు ఇలా తగ్గించి అన్న మాటకు నవ్వలేదని రుషికొండ ఆఫీసుల్లో మన పిల్లలను వెక్కిరించడం ఏమిటి? మా మేనకోడలి డిజైను చూసి క్లయింటు ‘ఆసక్తికరంగా ఉంది’ అన్నాడు. పాపం, మెచ్చుకున్నాడనుకుని రాత్రిళ్లు కూర్చుని దానికే మెరుగులు దిద్దింది. ఆ మాటకు ‘వద్దు’ అని అర్థమని తర్వాత తెలిసింది. ఇందులో ఆమె తెలివికి వచ్చిన లోటేమీ లేదు, వ్యాకరణానికి అసలే లేదు.

మనకు వెటకారం తెలియదా? సింహాద్రి అప్పన్ననే నిందాస్తుతితో కడిగేసిన శతకం ఉంది మనకు. కాకపోతే మనం పెంచి చెబుతాం. పని చెడగొట్టినవాణ్ణి ‘మహానుభావా’ అంటాం, పైగా గొంతు సాగదీస్తాం కాబట్టి ఎదుటివాడికి ఇట్టే తెలిసిపోతుంది. వాళ్లు తగ్గించి చెబుతారు, ముఖంలో ఏమీ కనిపించనివ్వరు. ఈమెయిల్లో ఆ ముఖమైనా ఉండదు.

శ్లేష తెలియకపోతే ఒక నవ్వు పోతుంది, అంతే. ఈ తగ్గింపు మాట తెలియకపోతే ఉద్యోగానికే ఎసరు. ఫీజులు వసూలు చేసేవాళ్లు జాతీయాల పుస్తకం మూసేసి, అలాంటి ఈమెయిళ్లు నాలుగు ముందు పెట్టి, కోపం ఎక్కడ దాగిందో వెతకమనవచ్చు కదా! అర్థం కానప్పుడు ‘ఉంచమంటారా, మార్చమంటారా’ అని అడగడమైనా నేర్పాలి. మా మేనకోడలు ఇప్పుడు అలాగే అడుగుతోంది. అతనూ సూటిగానే జవాబిస్తున్నాడట.