మేడ మీద మారథాన్, అటక మీద బూట్లు

(2020 మే నెల చివరి రోజులు, కరోనా లాక్‌డౌన్. హైదరాబాద్ విద్యానగర్‌లో ఓ పాత మూడంతస్తుల అపార్ట్‌మెంట్. వసుంధర హైస్కూల్లో సైన్సు టీచరు, ప్రస్తుతానికి ఫోన్లో టీచరు. చలపతి ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఆడిట్‌ని వదల్లేదు. పార్కులు మూసేశారని వసుంధర తెల్లవారుజామున మేడ మీద పరుగు మొదలుపెట్టింది. ఇవాళ తొందరగా దిగొచ్చింది. ఒక చేతిలో షూ, ఇంకో చేతిలో దాని సోలు.)

చలపతి: ఆగాగు. అది నా షూ కదూ?

వసుంధర: నిన్నటిదాకా. ఇప్పుడు ఇది షూ, ఇది సోలు. వేరు కాపురాలు.

చలపతి: కొత్త షూ! ఒక్కరోజైనా తొడగలేదు!

వసుంధర: నేనూ అదే అంటున్నా. వాకింగ్ మొదలుపెడతానని కొన్నారు. ఉగాదికన్నారు, దసరాకన్నారు, అటకెక్కించారు. నా కాన్వాస్ బూట్లకి చిల్లు పడిందని, రెండు జతల సాక్సులేసుకుని ఇవి తొడిగా.

చలపతి: పదేళ్లు అంత జాగ్రత్తగా దాస్తే ఇలా చేశావేమిటే!

వసుంధర: దాచబట్టే పోయాయి. గాలిలో తేమ తగిలి తగిలి ఈ పాలీయురేథేన్ సోలు లోపల్లోపలే చివికిపోతుంది, వాడినా వాడకపోయినా. జలవిశ్లేషణ అంటారు. చూడండి, అటుకుల్లా ఎలా రాలుతోందో. మెట్ల నిండా ఇదే, ఊడ్చుకోవాలి మళ్లీ.

చలపతి: రన్నింగ్ షూ అన్నాక 500 నుంచి 800 కిలోమీటర్లు రావాలి. నువ్వెంత పరిగెత్తావు?

వసుంధర: ముప్ఫై రౌండ్లు.

చలపతి: (బల్ల మీద కవరు వెనక్కి తిప్పి, పెన్ను తీసి) మేడ అరవై అడుగులు బై నలభై. చుట్టూ 200 అడుగులు, అంటే 61 మీటర్లు. ఇంటూ 30... 1,830 మీటర్లు. నాలుగు వేల రూపాయల షూ! మీటరుకి రెండు రూపాయల పైన! ఆటో వాడు కూడా ఇంత తీసుకోడు.

వసుంధర: ఆ లెక్కన 5 కిలోమీటర్లకి ఎన్ని రౌండ్లో అది కూడా చెప్పండి, పుణ్యముంటుంది.

చలపతి: ఎనభై రెండు.

వసుంధర: ఇంకో ఇరవై ఆరు తిరిగితే చిలుకూరు బాలాజీకి మొక్కు తీర్చే నూట ఎనిమిది ప్రదక్షిణలు. గుడి ఎలాగూ మూసే ఉంది. అక్కడ గళ్లుండే కార్డు ఇస్తారే, రౌండుకొక గడి కొట్టేయడానికి, మొన్నటిది పూజగదిలో ఖాళీగానే ఉంది. రేపట్నుంచి మీరు మేడ మీద కుర్చీ వేసుక్కూర్చుని గళ్లు కొట్టండి. నేను తిరుగుతా.

చలపతి: షూ ఏదీ తిరగడానికి?

(మధ్యాహ్నం. ఆవకాయ ముక్కలు తుడవాల్సిన బల్ల మీద లాప్‌టాప్ ఉంది. చలపతి ఎక్సెల్ షీటు తెరిచాడు. అందులో ఉన్నన్ని రంగులు హోళీకి కూడా ఉండవు.)

చలపతి: ఇలా కూర్చో. డ్రాప్ అంటే తెలుసా? మడమ దగ్గర సోలు ఎత్తు, వేళ్ల దగ్గర సోలు ఎత్తు, రెండింటికీ తేడా. మామూలుగా 8 నుంచి 10 మిల్లీమీటర్లుంటుంది. సున్నావి కూడా ఉన్నాయి. మొత్తం మందం రోడ్డు రేసులకైతే 40 మిల్లీమీటర్లు దాటకూడదని మొన్న జనవరిలోనే వరల్డ్ అథ్లెటిక్స్ రూలు పెట్టింది.

వసుంధర: మన మేడకి ఆ రూలు వర్తిస్తుందా?

చలపతి: వెటకారం వద్దు. కెన్యా రన్నర్ కిప్చోగే సంగతి తెలుసా? పోయిన అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ దూరం 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో కొట్టాడు. దాన్ని అఫీషియల్ రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదనుకో, అది వేరే విషయం. షూలో కార్బన్ ప్లేటు!

వసుంధర: ఆయన చుట్టూ వంతులవారీగా పరిగెత్తడానికి నలభై ఒక్కమంది ఉన్నారు. దారి చూపడానికి ముందు కారుంది. నా ముందు ఏముంది? కింది ఫ్లాటావిడ వడియాలు. నాలుగు చీరలు పరిచి మేడ సగం ఆక్రమించింది. రౌండుకి రెండుసార్లు గెంతాలి. అది చాలక, పైన ఏనుగులు తిరుగుతున్నాయని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజి కూడా పెట్టింది.

చలపతి: చూశాను. నేనే లైక్ కొట్టాను.

వసుంధర: మీరా!

చలపతి: పొరపాటున వేలు తగిలింది. సరే గానీ, ముందు నీ పాదం ఏ రకమో తేలాలి. తడి పాదం పరీక్ష. పాదం తడిపి కాగితం మీద పెడితే ముద్ర పడుతుంది. మధ్యలో వంపు కనపడితే మామూలు పాదం, మొత్తం నిండుగా పడితే చదును పాదం. ఇదిగో బేసిను, ఇదిగో కాలెండరు. ఊఁ, పెట్టు.

వసుంధర: ఆ కాలెండరు తిప్పండి.

చలపతి: ఎందుకు?

వసుంధర: తిప్పండీ! వెనక లక్ష్మీదేవి. ఆవిడ మీద కాలు పెట్టమంటారా నన్ను?

చలపతి: నువ్వు పెట్టేది వెనకవైపు కదా.

వసుంధర: ముందు పెడితే ఏంటి, వెనక పెడితే ఏంటి? లెంపలేసుకోండి ముందు.

చలపతి: (లెంపలేసుకుని) పోనీ పాత పేపరు?

వసుంధర: కాగితమంటే సరస్వతి. పిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని. పైగా కరోనా అంటుకుంటుందని మార్చిలోనే పేపరు మాన్పించారు. అంతకుముందువి పాతసామాన్లవాడికి వేశారు. పేపరేది?

చలపతి: కరెంటు బిల్లు?

వసుంధర: దాని మీద బొటనవేలు తప్ప ఏం పడుతుంది? (లేచి బేసిన్లో కాలు ముంచి, వంటింటి గడప దాటి గచ్చు మీద నాలుగడుగులు వేస్తుంది.) ఇదిగో, కనపడుతోందా? దీనికి కాగితాలూ కాలెండర్లూ ఎందుకు?

చలపతి: (వంగి, కళ్లజోడు సవరించుకుని) వంపు లేదు... బొత్తిగా లేదు. వసూ, నీది చదును పాదం! పరిగెత్తేటప్పుడు లోపలికి ఒరుగుతుంది. ఓవర్‌ప్రొనేషన్. నీ చెప్పులు తిరగేస్తే లోపలి అంచు అరిగి ఉండాలి.

వసుంధర: అరిగే ఉంటుంది. పాతికేళ్లుగా అలాగే అరుగుతోంది. ఇవాళ కనిపెట్టారా?

చలపతి: మంచి షాపుల్లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వీడియో తీసి, నడక తీరు చూసి మరీ షూ ఇస్తారు. గైట్ అనాలిసిస్ అంటారు దాన్ని.

వసుంధర: నాకు అది ఎప్పుడో అయిపోయింది.

చలపతి: ఎక్కడ?

వసుంధర: పెళ్లిచూపుల్లో. "అమ్మాయీ, ఆ కిటికీ దాకా నడిచి చూపించు" అని మీ అమ్మగారు అనలా? వెళ్లొచ్చాక "మళ్లీ ఒకసారి" అని కూడా అన్నారు. వీడియో ఒక్కటే తక్కువ. తడికాళ్లతో గుమ్మంలో అడుగేయించి ముద్ర కూడా చూశారు. అరికాలు చదునుగా ఉన్న పిల్ల అత్తారింటికి అచ్చిరాదని మీ మేనత్త గొణిగింది. నాకు వినపడింది.

చలపతి: అమ్మ ఏమందో తెలుసా? కాలు నేలంతా ఆనుతోంది, పిల్ల నిలకడగా ఉంటుందని.

వసుంధర: ఆవిడకి మీ ఎక్సెల్ షీటు లేదు, అయినా సరిగ్గానే చెప్పింది. అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో వట్టికాళ్లతో మారథాన్ పరిగెత్తి గోల్డు కొట్టాడు. అక్కడ దొరికిన షూ కాళ్లకి సరిపోలేదట. కరుస్తున్న షూ కంటే అసలు లేకపోవడమే నయమనుకున్నాడు.

చలపతి: మన మేడ సాయంత్రం ఆరింటికి కూడా కాలుతూనే ఉంటుంది. బికిలాని ఇక్కడికి పిలువు, చూద్దాం.

(మర్నాడు సాయంత్రం. ఇద్దరూ గుమ్మం ముందు నిలబడి ఒకళ్ల చేతుల మీద ఒకళ్లు శానిటైజర్ కొట్టుకుంటున్నారు. వసుంధర చేతిలో సంచి. సంచిలోంచి ఇడ్లీ పాత్ర చెవులు బయటికి కనపడుతున్నాయి.)

చలపతి: షూ కొందామని కోఠీ వెళ్లి ఇడ్లీ పాత్రతో తిరిగొచ్చిన మనుషులం మనమే అయ్యుంటాం.

వసుంధర: షాపులు రోజు విడిచి రోజు తెరవమని గవర్నమెంటు చెబితే నేనేం చేయను? ఇవాళ పక్క షాపు వంతు. ఆ పక్క షాపు గిన్నెలది. బస్సులు లేవు, ఆటోకి రెండొందలు పోశాం, ఊరికే తిరిగొస్తానా?

చలపతి: పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కుందామన్నాను.

వసుంధర: పొద్దున్న వెళదామని నేనన్నా. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడే కొలవాలి అన్నది మీరే. ఏడింటికి కర్ఫ్యూ. నా పాదాలు ఉబ్బాయి, షట్టరు దిగింది.

(ఆ మర్నాడు కూడా వెళ్లారు. ఈసారి షాపు తెరిచే ఉంది. ఇప్పుడే తిరిగొచ్చి, చెరో బాత్‌రూములో స్నానాలు చేసి, తడి తలలతో బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డారు. అవతల గోడ మీద నల్లటి షూ జత.)

చలపతి: మగపిల్లల షూ!

వసుంధర: అయితే ఏం? ఆడవాళ్లవన్నీ గులాబీ రంగు, ముందు భాగం ఇరుకు. చిటికెనవేలు పక్కవేలి మీదెక్కి కూర్చుంది. ఇందులో వేళ్లన్నీ హాయిగా విచ్చుకున్నాయి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉంది. ఆ ముక్క చెప్పింది కూడా మీరే.

చలపతి: వేలు పెట్టి చూద్దామంటే "సార్, దూరం, దూరం" అని కుర్రాడు కేకలు. సాక్సు మీద క్యారీబ్యాగు కట్టుకుని తొడగమన్నాడు. కవరుతో సైజు ఏం తెలుస్తుంది?

వసుంధర: కవరుతోనే వదులుగా ఉంటే కవరు లేకుండా ఇంకా వదులు. షాపులో జనం దూరదూరంగా నిలబడ్డానికి గీసిన గుండ్రాల్లో అటు గుండ్రం నుంచి ఇటు గుండ్రం దాకా నాలుగుసార్లు పరిగెత్తా. ఎక్కడా కరవలేదు.

చలపతి: పరిగెత్తావు సరే. డ్రాప్ ఎంత అని నేనడిగితే...

వసుంధర: "తక్కువైతది సార్, పరేషాన్ గాకుండ్రి" అని వంద తగ్గించాడు. పన్నెండొందలది పదకొండొందలకి వచ్చింది. మీ చదువు మొదటిసారి పనికొచ్చింది. ఇహ తొడుక్కుంటా, జరగండి.

చలపతి: ముట్టుకోకు! ప్లాస్టిక్ మీద వైరస్ మూడు రోజులుంటుందట. షూకి క్వారంటైన్.

వసుంధర: దానికి హోమ్ ఐసోలేషన్ స్టిక్కరు కూడా అంటించండి. మూడు రోజులు నేనెలా పరిగెత్తను? ఫ్రాన్స్‌లో ఒకాయన ఏడు మీటర్ల బాల్కనీలోనే అటూ ఇటూ తిరుగుతూ మారథాన్ దూరం పూర్తిచేశాడు. నాకు ఇంత మేడ ఉండి ఇంట్లో కూర్చోవాలా?

చలపతి: (గొంతు సవరించుకుని) అవసరం లేదు. రేపో ఎల్లుండో ఇంకో జత వస్తోంది.

వసుంధర: ఎక్కణ్ణించి?

చలపతి: ఆన్‌లైన్లో. డెలివరీలు మళ్లీ మొదలయ్యాయిగా. నిన్న రాత్రి నీకు తెలియకుండా ఆర్డరు పెట్టాను. చదును పాదానికి లోపలివైపు దన్ను ఉండే మోడల్. నా షీటులో ఫస్టు వచ్చింది.

వసుంధర: ఎంత?

చలపతి: ముందు సైజు అడుగుతావనుకున్నా.

వసుంధర: ముందు ఎంత?

చలపతి: పదకొండు వేలు. అసలు ధర పధ్నాలుగు, సేల్‌లో...

వసుంధర: (కుర్చీలో కూలబడి) సైజు?

చలపతి: ఆరు. నీ చెప్పుల మీద ఆరు అనే ఉంది, తిరగేసి చూశా.

వసుంధర: ఏ దేశం ఆరు?

చలపతి: అంటే?

వసుంధర: చెప్పుల మీదున్నది బ్రిటన్ ఆరు. మీరు పెట్టింది?

(చలపతి ఫోన్ తీస్తాడు. స్క్రీను పెద్దది చేస్తాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంటాడు. స్క్రీను చిన్నది చేస్తాడు.)

చలపతి: ...అమెరికా.

వసుంధర: అమెరికా ఆడవాళ్ల ఆరంటే మన దగ్గర నాలుగు, కాస్త అటూ ఇటూ. మన ఇంట్లో నాలుగో నెంబరు ఎవరికి పడుతుంది? మీరు ముప్ఫై ఏళ్లు ఆడిట్ చేసిన ఫైళ్లు తలుచుకుంటే నాకు భయమేస్తోంది.

చలపతి: వాపసు చేద్దాం.

వసుంధర: చెయ్యండి.

చలపతి: (చదువుతూ) "సేల్‌లో కొన్న వస్తువులు వాపసు తీసుకోబడవు."

(కింది అంతస్తు నుంచి కుక్కరు కూత. వసుంధర కాసేపు దాన్నే వింటుంది.)

వసుంధర: కింది ఫ్లాటావిడ పాదం చిన్నది. ఆవిడ చెప్పులు గుమ్మం ముందు రోజూ చూస్తున్నా. నాలుగే అయ్యుంటుంది.

చలపతి: మనల్ని గ్రూపులో ఏనుగులన్న మనిషికి పదకొండు వేల షూ ఇస్తావా?

వసుంధర: ఇస్తే ఆవిడా పైకొచ్చి పరిగెడుతుంది. అప్పుడు కింద చప్పుడు వినేవాళ్లుండరు. రెండు రోజులు తన వడియాల మీద నుంచి తనే గెంతితే, మూడో రోజుకి చీరలు తీసి వాళ్ల బాల్కనీలో పరుచుకుంటుంది.

చలపతి: మరి నా డబ్బులు?

వసుంధర: వాళ్లు వాపసుకి ఒప్పుకోవాలని కోరుకుని మేడ మీద పదకొండు ప్రదక్షిణలు తిరగండి. డబ్బులు వెనక్కొస్తే నూట ఎనిమిది. కార్డు పూజగదిలో ఉంది, గళ్లు నేను కొడతా.