పదకొండు కిటికీలు, మూడు పోర్షన్లు

మొన్న న్యూజెర్సీలోనే మన్రో అనే ఊళ్ళో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. కొత్త ఇల్లు, కొత్త కార్పెట్ వాసన, ఈశాన్యం ఈశాన్యంలోనే ఉంది. పులిహోర వడ్డించుకుంటూ ఒకాయన అడిగారు: "మీ జెర్సీ సిటీలో కిటికీ మార్చుకోవాలన్నా సిటీ వాళ్ళ పర్మిషన్ కావాలటగా? ఇల్లు మనది, డబ్బు మనది. మధ్యలో వాళ్ళ పెత్తనం ఏంటండీ?" చుట్టూ ఉన్న నలుగురూ అవునవునన్నారు. నేనేమీ అనలేదు. నోట్లో పులిహోర ఉంది. పైగా మూడేళ్ళ క్రితం ఇదే మాట నేనే ఇంతకంటే గట్టిగా అన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది జెర్సీ సిటీలో హామిల్టన్ పార్క్ వైపు, పంతొమ్మిదో శతాబ్దపు ఇల్లు. కాగితాల మీద 'త్రీ ఫ్యామిలీ'. మన భాషలో మూడు పోర్షన్ల ఇల్లు. కింద మేము, పైన రెండు అద్దెకి. వెడల్పు ఇరవై అడుగులు. అటూ ఇటూ పక్కింటి గోడే మన గోడ, వెలుతురు ముందు నుంచీ వెనక నుంచీ మాత్రమే. వాస్తు సంగతి మా నాన్నకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ముందు లెక్క మాట చెప్పేస్తా, ఎందుకంటే అందరూ అడిగేది అదే. "పై అద్దెలతో మార్ట్‌గేజ్ వెళ్ళిపోతుంది కదా?" వెళ్ళదు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు అద్దెలో 75 శాతమే ఆదాయంగా తీసుకుంది. మిగతా పాతిక శాతం ఖాళీ నెలలకీ రిపేర్లకీ పోతుందని వాళ్ళ అంచనా. నేను నా ఎక్సెల్ షీట్లో నూరు శాతం వేసుకుని, బ్యాంకు వాళ్ళకి పిరికితనం అనుకున్నా. మొదటి చలికాలంలోనే బ్యాంకు లెక్క నిజమైంది. ఇక ప్రాపర్టీ టాక్స్. ఈ ఊళ్ళో 1988 తర్వాత మళ్ళీ 2018లో గానీ ఇళ్ళ విలువలు తిరిగి కట్టలేదు. ముప్పై ఏళ్ళ తేడా ఒక్కసారే వచ్చి పడేసరికి డౌన్‌టౌన్‌లో చాలామందికి పన్ను ఎక్కడికో పోయింది. కాబట్టి అమ్మేవాళ్ళు పాత బిల్లు చూపించి మురిపిస్తే మురవకండి.

బాయిలర్ గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ అసంపూర్ణం. మొత్తం ఇంటిని వెచ్చబెట్టేది ఒక్కటే. దాని ఆవిరి పైపుల్లోంచి గదుల్లోని రేడియేటర్లకి వెళ్తుంది. తెల్లవారుజామున ఎవరో సుత్తి పట్టుకుని గోడలో తిరుగుతున్నట్టు టంగు టంగుమని చప్పుడు. న్యూజెర్సీలో అక్టోబర్ 1 నుంచి మే 1 వరకూ పగలు 68 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (అంటే 20 సెల్సియస్‌కి) తగ్గకుండా చూడాల్సిన బాధ్యత ఓనర్ది. మా గదిలో 68 వచ్చేసరికి పై పోర్షన్ ఉడికిపోతుంది. వాళ్ళు జనవరిలో కిటికీలు బార్లా తెరుస్తారు. నా గ్యాస్ డబ్బులు పార్కు చెట్లకి వెచ్చదనం ఇస్తున్నాయి.

నేను గుంటూరులో పోర్షన్లోనే పెరిగాను. పొద్దున ఏడు దాటగానే ఓనర్ మామ్మగారు మోటార్ కట్టేసేవారు. ఆవిడ్ని ఎన్ని తిట్టుకున్నామో. ఈ జనవరిలో ఒక రాత్రి మెట్ల మీద నిలబడి, పైన కిటికీ తెరిచిన చప్పుడు వింటూ పళ్ళు కొరుక్కుంటున్నప్పుడు ఆవిడే గుర్తొచ్చారు.

కాగితాలు మాత్రం కొనకముందే చూడండి. మేం ఇది కాక ముందు ఇంకో ఇల్లు దాదాపు ఓకే చేసుకున్నాం. మూడు వంటిళ్ళు, మూడు కరెంటు మీటర్లు, ఏజెంట్ మూడు అద్దెలు గడగడా చెప్పాడు. తీరా లాయర్ చూస్తే సిటీ రికార్డుల్లో అది రెండు పోర్షన్ల ఇల్లే. సెల్లార్లో ఉన్న మూడోదానికి అనుమతే లేదు. పైగా ఇక్కడ వర్షపు నీరూ మురుగునీరూ ఒకే పైపులో పోతాయి. 2021లో ఐడా తుఫాను వచ్చినప్పుడు అలాంటి సెల్లార్ల గతి ఏమైందో ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు.

ఇప్పుడు కిటికీలు. వీధి వైపు పదకొండు. చెక్కవి, బిగుసుకుపోయినవి, సగం పైకి లేవవు. కాంట్రాక్టర్ వచ్చి, "తీసి పారేసి వినైల్‌వి పెట్టేద్దాం, వారం పని" అన్నాడు. వినైల్ అంటే ప్లాస్టిక్కే. నేను సరే అనబోయాను. అప్పుడు తెలిసింది, మాది చారిత్రక ప్రాంతం కాబట్టి వీధిలోకి కనబడే ఏ పనికైనా పాత కట్టడాల రూపు చెడకుండా చూసే సిటీ వాళ్ళ హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్ దగ్గర ముందు అనుమతి తెచ్చుకోవాలని. ముందు గోడకి వినైల్ కుదరదన్నారు. చెక్కవి కొత్తగా చేయిస్తే మూడింతల ఖర్చు. ఆ రాత్రి నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను.

చివరికి కిటికీలు బాగుచేసే ఒక ముసలాయన దొరికాడు. చట్రం పక్కన పలక ఊడదీసి చూపించాడు. లోపల ఇనప గుండు, దాన్ని మోసే తాడు. ఆ తాడు తెగిపోవడం వల్లే కిటికీ లేవడం లేదు! చెక్క గోటితో గిల్లినా దిగలేదు. నిదానంగా పెరిగిన పాత చెట్ల చెక్క, ఇప్పుడు కొందామన్నా దొరకదన్నాడు. పదకొండింట్లో ఎనిమిది బాగయ్యాయి. మూడే కొత్తగా చేయించాం.

వెనక గోడ సంగతి దీనికి ఉల్టా. వెనక వైపు ఎవరికీ కనబడదు కదా, పాత ఓనర్ ఇటుకల సందుల్లో గట్టి సిమెంటు పూయించాడు. పాత ఇటుక మెత్తన. దానికి సున్నపు అతుకే సరిపడుతుంది, తడి అతుకులోంచి బయటికి పోతుంది. సిమెంటు వేస్తే ఆ తడి ఇటుకలో చిక్కుకుని, చలికి గడ్డకట్టి, ఇటుక మొహం పెచ్చులుగా ఊడుతుంది. మా పెరట్లో ప్రతి వసంతంలో చేటెడు ఎర్రటి పెచ్చులు ఊడుస్తాం. రూలు ఉన్న ముందు గోడ బాగుంది, అడిగేవాడు లేని వెనక గోడ పాడైంది. నా కోపం తగ్గడం అక్కడ మొదలైంది.

అసలు ఈ వీధిలో ఇంత డబ్బు పోసి ఎందుకు కొన్నాం? న్యూయార్క్ వెళ్ళే పాత్ (PATH) రైలు దగ్గర అని ఒకటి. కానీ రైలుకి ఇంకా దగ్గర్లో గాజు టవర్లు బోలెడున్నాయి. మేం పడిపోయింది వరసగా ఉన్న ఎత్తు మెట్లకీ, ఒకే ఎత్తులో సాగిపోయే చూరు అంచులకీ. ఆ వరస దానంతటదే మిగల్లేదు. ఈ ఊళ్ళోని హామిల్టన్ పార్క్, వాన్ వోర్స్ట్ పార్క్, పాలస్ హుక్, హార్సిమస్ కోవ్ పేటలని 1970ల చివర నుంచి 80ల దాకా కష్టపడి చారిత్రక ప్రాంతాలుగా గుర్తింపజేసిన వాళ్ళున్నారు. ఎవరి కిటికీ వాళ్ళిష్టం, ఎవరి మెట్లు వాళ్ళిష్టం అని వదిలేసి ఉంటే నేను కొనడానికి ఈ వీధి ఉండేది కాదు. వీధిని చూసి రేటు కట్టి కొని, తాళాలు చేతికి రాగానే ఆ వీధిని నిలబెట్టిన రూలుని తిడుతున్నాం. ఇది నా ఒక్కడి బుద్ధి కూడా కాదు. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ని కూల్చడానికి వీల్లేదని 2019లో హైకోర్టు చెప్పినప్పుడు ఆ వార్త షేర్ చేసి శభాష్ అన్నవాళ్ళలో మన పులిహోర పెద్దమనిషీ ఉన్నారు.

కమిషన్ వాళ్ళు దేవుళ్ళని అనడం లేదు. ఒక ఫారంలో ఫోటో తగ్గిందని నెల రోజులు ఆపారు. ఆ నెలంతా కిటికీకి ప్లాస్టిక్ కవర్ కట్టుకుని పడుకున్నాం. చేతిలో డబ్బులేని పాత ఓనర్లకి ఈ ఖర్చులకి కాస్త సాయం ఉండాలి కూడా. ఆ విషయంలో తిట్టండి, నేనూ వస్తా.

మా తాతగారిది మండువా ఇల్లు. గానుగ సున్నంతో కట్టింది. 2011లో అన్నదమ్ములంతా కూర్చుని కూల్చేశారు. టేకు స్తంభాలు ఎవరో విడిగా కొనుక్కెళ్ళారు. స్థలం బిల్డర్‌కి ఇచ్చారు. అప్పుడు ఆపే రూలు లేదు, ఉన్నా మేం ఊరుకునేవాళ్ళం కాదు. నాన్న వాటాలో నాకు ఇచ్చిన డబ్బు ఈ ఇంటి డౌన్ పేమెంట్‌లో కలిసింది.

ఇప్పుడు ముందు మెట్ల వంతు. బ్రౌన్‌స్టోన్ అనే గోధుమ రంగు ఇసుకరాయి పొరలు పొరలుగా లేస్తోంది, చెయ్యి వేస్తే ఇసుక రాలుతోంది. వచ్చే వారం కమిషన్‌కి అర్జీ పెట్టాలి. పూత రంగు నమూనాలు మూడు పట్టుకెళ్ళాలి. రాత్రి నుంచీ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని చూస్తున్నా, మూడూ నాకు ఒక్కలాగే కనబడుతున్నాయి.